బాపమ్మ ఎందుకు లేచి వెళ్లింది?

ప్రశ్న: మేడం, మాది జనగామ దగ్గర పల్లె. వయసు 23. హనుమకొండలో రూము తీసుకుని సైనికాధికారి ఉద్యోగాల పరీక్ష సీడీఎస్‌కు చదువుతున్నాను. దాని తర్వాత ఉండే ఇంటర్వ్యూ ఎస్‌ఎస్‌బీకి ఒకసారి వెళ్లి సెలెక్ట్ కాక తిరిగొచ్చాను. ఇంటర్వ్యూకు పనికొస్తాయని సైనికాధికారుల జ్ఞాపకాల పుస్తకాలు మొదలుపెడితే అవే అలవాటైపోయాయి. అమెరికా అంతర్యుద్ధం జనరళ్లవి చదివి, అక్కణ్నుంచి 'ఓడినవాళ్లు గెలిచి ఉంటే', 'రేపు మళ్లీ అంతర్యుద్ధం వస్తే' అని ఊహించి రాసిన నవలల్లో పడ్డాను. రాత్రి రెండయినా కింద పెట్టలేను. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో నలుగురు తిట్టుకున్నా మన దగ్గర కూడా అదే మొదలైందని టెన్షన్. అట్లాంటిది వస్తే మా వాడలో ఏ ఇల్లు ఎటు నిలబడుతుందో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. 'వీనికి యుద్ధం పిచ్చి పట్టింది' అంటాడు మా బాపు. మొన్న ఊరికి పోయినప్పుడు మా బాపమ్మకు ఒక నవల కథ చెప్తుంటే మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆమెకు 85 దాటాయి. ఈ పుస్తకాలు మానెయ్యాలా? మానక్కర్లేదంటే ఎట్లా చదవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు:

మానెయ్యాల్సిన పని లేదు. ఆ మాట ముందే చెప్తున్నాను, మిగతాది నింపాదిగా చదువుతావని. రాత్రి రెండింటి సంగతి మాత్రం వేరు. పొద్దున లేచి పరుగెత్తాల్సినవాడివి, పదకొండున్నరకు లైటు తీసెయ్యి. నోటుబుక్కు గురించి తర్వాత మాట్లాడతాను. నీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది అక్కడే.

ముందు జ్ఞాపకాల పుస్తకాలు. నేను కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, 1962 చైనా యుద్ధం మీద లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ రాసిన పుస్తకం అరలు సర్దుతుంటే దొరికింది. ఈశాన్య సరిహద్దులో నాలుగో కోర్‌కు ఆయనే కమాండర్. ఓటమి నింద మీద పడ్డాక, తన వైపు కథ చెప్పుకుంటూ 1967లో వేసిన పుస్తకం. చదివి కరిగిపోయాను. పాపం, ఈ మనిషిని అన్యాయంగా బలిపెట్టారని రెండేళ్లు స్టాఫ్ రూములో అందరితో వాదించాను. తర్వాత బ్రిగేడియర్ జాన్ దాల్వీ 1969లో రాసిన పుస్తకం చేతికొచ్చింది. కౌల్ కిందనే నామ్‌కా చూ వాగు ఒడ్డున ఏడో బ్రిగేడ్‌ను నడిపినవాడు, చైనావాళ్లకు పట్టుబడి ఏడు నెలలు ఖైదులో ఉన్నవాడు. అదే వాగు, అవే తేదీలు. కానీ ఈ పుస్తకంలో జవాన్లకు చలిబట్టల్లేవు, తూటాలు చాలినన్ని లేవు, పైనుంచి హుకుములు మాత్రం తక్కువ కాలేదు. కోర్ కమాండర్ జబ్బుపడి ఢిల్లీ వెళ్లి, మంచం మీది నుంచే యుద్ధం నడిపిన సంగతి కౌల్ పుస్తకంలో చదివినప్పుడు నాకు జాలేసింది. దాల్వీ పుస్తకంలో చదివినప్పుడు ఒళ్లు మండింది. సంగతి ఒకటే, దాన్ని చూసిన చోటు వేరు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. జనరల్ రాసిన పుస్తకం అంటే పంచాయితీలో ఒక పక్షం వాదన. రెండో పక్షం మాట వినేదాకా తలూపను. ఆ రెండో పుస్తకం దొరక్కపోతే మొదటిదాన్ని పెన్సిల్ పట్టుకుని చదువుతాను. ఎక్కడ తేదీలు చకచకా పరుగెడతాయో, ఎక్కడ 'నిర్ణయం తీసుకోబడింది' అని కర్త లేని వాక్యం వస్తుందో అక్కడ గీత పెడతాను. గెలిచిన దాడి దగ్గర 'నేను', చెడిన దాడి దగ్గర 'మేము'. ఇది దేశం, కాలం తేడా లేకుండా అందరి దగ్గరా కనిపిస్తుంది. నువ్వూ వెతికి చూడు, సరదాగా ఉంటుంది.

నువ్వు చదివిన అమెరికావాళ్లలో, అంతర్యుద్ధంలో గెలిచిన ఉత్తరాది సైన్యాధిపతి గ్రాంట్ ఉండే ఉంటాడు. ఆ పుస్తకం పుట్టిన కథ పుస్తకమంత పెద్దది. అధ్యక్షుడిగా దిగిపోయిన మనిషి, నమ్మిన భాగస్వామి మోసం చేయడంతో 1884లో నిలువునా మునిగాడు. ఆ వెంటే గొంతు క్యాన్సర్. భార్యాపిల్లలకు నాలుగు డబ్బులు మిగలాలని నొప్పితోనే రాసి, ముగించిన కొద్ది రోజులకే 1885 జూలై 23న కన్నుమూశాడు. అచ్చువేసింది రచయిత మార్క్ ట్వేన్ కంపెనీ. భార్య జూలియాకు దాదాపు 4 లక్షల 50 వేల డాలర్లు ముట్టాయి. చావు ముందు కూర్చుని రాసిన పుస్తకం కనుక నిజాయితీ ఎక్కువని చాలామంది అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. 1864 జూన్ 3న కోల్డ్ హార్బర్ దగ్గర చేయించిన ఆఖరి దాడికి ఎప్పుడూ బాధపడుతూనే ఉన్నానని ఆయనే రాశాడు. ఏ జనరల్ అంత సూటిగా రాస్తాడు?

కానీ ఆ తర్వాతి పేజీలు ఇంకోసారి తెరువు. గాయపడ్డవాళ్లు రెండు సైన్యాల నడుమ ఎండలో పడి ఉన్నారు. వాళ్లను తెచ్చుకోవడానికి గ్రాంట్, ఎదుటి దక్షిణాది జనరల్ లీ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు. తెల్లజెండా ఎవరు పంపాలి, ఏ పద్ధతిలో అడగాలి, ఏ వేళకు మనుషులు వెళ్లాలి. ఎంత మర్యాద! ఆ మర్యాదలు తేలి మనుషులు అక్కడికి చేరేసరికి, గ్రాంట్ మాటల్లోనే, ఇద్దరు తప్ప గాయపడ్డవాళ్లంతా చనిపోయారు. ఆయన చెప్పే తీరు చూస్తే తప్పంతా లీదే అనిపిస్తుంది. తర్వాతి చరిత్రకారులు ఇద్దరికీ పంచారు. నాకు మాత్రం ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా మన ఊళ్లలో పెళ్లిలో ఎవరు ముందు పలకరించాలని పట్టుబట్టి కూర్చునే వియ్యంకులు గుర్తొస్తారు. ఇక్కడ మాత్రం ఆ పట్టుదలకు జవాన్లు బలయ్యారు.

ఉత్తరాదికే చెందిన ఇంకో జనరల్ షెర్మన్‌ది ఇంకో తీరు. 1875లో ఆయన పుస్తకం రాగానే తోటి అధికారులంతా మీద పడ్డారు. ఆయన జవాబు నాకు భలే ఇష్టం. నేను రాసుకుంటున్నది నా జ్ఞాపకాలు, వాళ్లవి కాదు; నాతో ఒప్పుకోనివాళ్లు ఎవరిది వాళ్లు రాసుకోవచ్చు అన్నాడు. అహంకారంలా వినిపిస్తుంది కానీ అంతకంటే నిజాయితీగల ముందుమాట అరుదు. సాక్షి సాక్షిలాగే ఉండాలి, జడ్జి వేషం వెయ్యకూడదు.

ఒకటి మర్చిపోకు. ఓడిన దక్షిణాది జనరళ్లు కొందరు, జూబల్ ఎర్లీ లాంటివాళ్లు, యుద్ధం అయ్యాక ముప్పై ఏళ్లపాటు రాసి రాసి, అసలు ఆ పోరు బానిసత్వం గురించే కాదని, అది ఆత్మగౌరవ పోరాటమని ఒక కథ నిలబెట్టారు. ఓటమికి సొంత జనరల్ లాంగ్‌స్ట్రీట్‌నే దోషిని చేశారు. ఆయన 1896లో తన పుస్తకంతో ఎదురు తిరిగాడు. చరిత్ర గెలిచినవాళ్లే రాస్తారని మనం తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ ఓడినవాళ్లు కూర్చుని తీరిగ్గా రాశారు, దేశంలో చాలామంది నమ్మారు. కనుక 'దక్షిణం గెలిచి ఉంటే' అనే నవల చేతికి రాగానే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 1860లో అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు. ఈ నవలలో వాళ్లు ఏమయ్యారు? జెండాలు, గుర్రాలు, మీసాలు కనిపించి ఆ 40 లక్షల మంది కనిపించకపోతే ఆ రచయిత తెలిసో తెలియకో ఎర్లీ గారి కథే మళ్లీ చెప్తున్నాడు. రేపు మనవాడెవడైనా 'నిజాం రాజ్యం నిలిచి ఉంటే' అని రాసి, చౌమహల్లా దీపాలు వర్ణించి, వెట్టి మాట ఎత్తకపోతే నీకు ఎట్లా ఉంటుంది? అదీ అంతే.

ఊహా నవలలంటే నాకు చిన్నచూపు లేదు. మంచివి ఒక్క మేకు కదిపి ఇల్లంతా ఎటు ఒరుగుతుందో చూపిస్తాయి. వార్డ్ మూర్ 1953 నవలలో కదిలిన మేకు అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరులో ఒక గుట్ట. ఆ గుట్ట దక్షిణం చేతికి చిక్కింది, అంతే. హ్యారీ టర్టిల్‌డవ్ 1992లో రాసినదాంట్లో భవిష్యత్తు నుంచి దక్షిణాఫ్రికా జాత్యహంకారులు వచ్చి లీ సైన్యానికి ఏకే 47లు ఇస్తారు. వినడానికి పిల్లల కథలా ఉన్నా, తుపాకి ఇచ్చినవాడు ఊరికే ఇవ్వడన్న సంగతి అందులో గట్టిగానే ఉంది. నువ్వు భయపడుతున్న రెండో రకం, రేపు వచ్చే యుద్ధం గురించి రాసేవి, వాటిలో ఒమర్ ఎల్ అక్కాద్ 2017 నవల నీ చేతికి వచ్చే ఉంటుంది. 2074లో అమెరికాలో రెండో అంతర్యుద్ధం. ఆయన కైరోలో పుట్టినవాడు, విలేకరిగా అఫ్ఘానిస్థాన్ యుద్ధాన్నీ గ్వాంటనామోలోని అమెరికా జైలునూ దగ్గర నుంచి చూసినవాడు. నవలలో శరణార్థి శిబిరం, బాంబులు వేసే డ్రోన్లు, అనాథ పిల్లల్ని చేరదీసి మానవ బాంబులుగా తయారుచేసే పెద్దమనుషులు, ఏదీ ఆయన కొత్తగా కల్పించినది కాదు. ఎక్కడెక్కడో జరిగినవాటిని మూటగట్టి అమెరికా నడిబొడ్డున దించాడు. అధ్యాయాల నడుమ లేని కమిటీల నివేదికలు, లేని మనుషుల జ్ఞాపకాలు కూడా అతికించాడు, నమ్మకం కుదరడానికి.

ఇంత చెప్పింది ఎందుకంటే, నీకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది జోస్యం కాదు. పాత సంగతే. ఎక్కడో, ఎప్పుడో, ఎవరి వాకిట్లోనో జరిగిపోయినది. ఆ 'ఎక్కడో' మీ ఊరికి ఎంత దూరమో నువ్వు చూసుకోలేదు. అంతర్యుద్ధం అనగానే నీకు గెటిస్‌బర్గ్ గుర్తొచ్చింది. జనగామ పిల్లగాడివి నువ్వు!

1946 జూలై 4న దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మీ జిల్లాలోనే ఉంది. అక్కడ అంటుకున్న తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమణ ప్రకటించేదాకా ఆరలేదు. ఆ అయిదేళ్లలో ఒకే ఊళ్లో దొర గడి, సంఘం జెండా, రజాకార్ల క్యాంపు, తర్వాత యూనియన్ సైన్యం గుడారాలు. ఒకే ఇంట్లో అన్న దళంలో, తమ్ముడు పోలీసులో. దీన్ని అంతర్యుద్ధం అనొచ్చా, రైతాంగ పోరాటమనే అనాలా అని పండితులు వాదించుకోనీ. పేరు దగ్గర తగువు ఉందంటేనే అది అట్లాంటి యుద్ధమని గుర్తు. అమెరికాలో ప్రభుత్వం అచ్చువేసిన 128 సంపుటాల రికార్డుల మీద 'తిరుగుబాటు యుద్ధం' అని ఉంటుంది. దక్షిణాదివాళ్లు చాలాకాలం 'రాష్ట్రాల మధ్య యుద్ధం' అన్నారు. మన సెప్టెంబరు 17 చూడు. విమోచనం, విలీనం, విద్రోహం, సమైక్యత, ప్రజాపాలన. ప్రభుత్వం మారితే బ్యానర్ మారుతుంది. ఊళ్లో ముసలివాళ్లు మాత్రం 'పోలీస్ యాక్షన్' అంటారు, లేదా 'రజాకార్ల గడబిడ' అని ఊరుకుంటారు.

జ్ఞాపకాల పుస్తకాలే కావాలంటే ఆ ఒక్క వారం మీద నీకు ముగ్గురి సాక్ష్యం ఉంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు, భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకున్న అయిదు రోజులు. హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో రాశాడు, ఒక యుగం ముగిసిందని పేరు పెట్టాడు. నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ గృహనిర్బంధం తప్పించుకుని పాకిస్థాన్ చేరాక 1962లో రాశాడు, హైదరాబాదు విషాదం అని పేరు పెట్టాడు. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ జ్ఞాపకాలు ఇంకా ఆలస్యంగా 1994లో వచ్చాయి. నాలుగోవాడిగా కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యను చేర్చుకో. ఆయన 1972 పుస్తకం పేరులోనే 'గుణపాఠాలు' ఉంది. ఒకరికి ముగింపు, ఒకరికి విషాదం, ఒకరికి పాఠం. అట్టలు పక్కపక్కన పెట్టి చూసినా సగం చరిత్ర తెలుస్తుంది. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉండగా నువ్వు ఫోన్‌లో పీడీఎఫ్‌లు చూసి కళ్లు పాడుచేసుకోవడం ఎందుకు? వెళ్లి అడుగు. ఇంగ్లిష్‌వి లేకపోతే యూనివర్సిటీ లైబ్రరీలో వెతుకు.

అయినా ఈ నలుగురివి చదివాక కూడా ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని చూడటం నేర్చుకోమనే నా పోరు.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు కలిసి ఫిరంగులతో వచ్చి పడ్డారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, మీకు దూరమేమీ కాదు. అంతకుముందు వచ్చినవాళ్లను ఊరివాళ్లు వడిసెలలతో, బర్మారు తుపాకులతో బురుజెక్కి తరిమేశారు. ఈసారి ఫిరంగికి బురుజు ఆగలేదు. చనిపోయినవాళ్ల లెక్క పుస్తకానికో తీరుగా ఉంటుంది. లెక్క కుదరకపోవడం కూడా గమనించాల్సిన సంగతే. జనరల్ పుస్తకంలో చచ్చిన గుర్రాలకు సైతం లెక్కుంటుంది.

ఇంకో వైపు కూడా ఉంది. చెప్పకుండా దాటేస్తే నేనూ ఒక పక్షం వాదన చెప్పినదాన్నే అవుతాను. ఆ అయిదు రోజుల తర్వాత, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లింల మీద ప్రతీకారం సాగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. రజాకార్లతో ఏ సంబంధం లేని దర్జీలు, గాజులమ్మేవాళ్లు, పింజారులు ఆ పేరుతో పోయారు. ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్లకు సగమే కనిపిస్తుందని చెప్పడానికి మనకు అమెరికా దాకా పోవాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు నోటుబుక్కు. ఎస్‌ఎస్‌బీలో బొమ్మలు చూపించి కథలు రాయిస్తారు కదా. పదకొండు బొమ్మలయ్యాక పన్నెండోది ఖాళీ తెర. దాని మీద నీ మనసులో ఏముంటే అది రాస్తావు. నీ నోటుబుక్కు ఆ పన్నెండో తెర. అక్కడ నువ్వు రాసింది ఇళ్ల జాబితా. ఇది పుస్తకాలవల్ల వచ్చిన పిచ్చి అని మీ బాపు అనుకుంటున్నాడు. నాకు అట్లా అనిపించడం లేదు. ఇన్నాళ్లూ నువ్వు జనరల్ కుర్చీలోంచే చదివావు, మ్యాపు మీద రంగులు వేసే చూపు అలవాటైంది. అదే చూపుతో మీ వాడను చూశావు. ఇంటికో రంగు వేశావు.

ఆ పేజీలు చింపెయ్యి. ఇందులో నా దగ్గర మెత్తని మాట లేదు. నువ్వు మంచివాడివే, ఎవరికీ చూపించవు, నాకు తెలుసు. కానీ మన దగ్గర అట్లాంటి జాబితాలు చేసినవాళ్లూ వాటిని తొలిరోజు ఊరికే రాసుకున్నారు. ఫలానా ఇంట్లో సంఘపోడున్నాడు, ఫలానా ఇంటివాళ్లు దొర మనుషులు. 1948కి ముందూ తర్వాతా తగలబడిన ఇళ్లలో చాలావాటి వెనక ఎవరో ఒకరు చెప్పిన, రాసిన జాబితా ఉంది.

పైగా నీ జాబితా తప్పు. ఏ ఇల్లు ఎటు నిలబడుతుందో ముందే చెప్పగలనని నువ్వు అనుకుంటున్నావు. సుందర్‌లాల్ నివేదికలోనే ఒకచోట, ఒకే వృత్తివాళ్ల మధ్య ఆపేక్ష గట్టిగా కనిపించిందని ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లను కాపాడటానికి తమ ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారట. నేను ఈ వాక్యం చదివింది వరంగల్ కొత్తవాడలో మా చుట్టాలింట్లో. బయట షత్రంజీల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఒక గుంట మగ్గం దగ్గర కూర్చుని నూలు అందించుకున్న ఇద్దరి మధ్య ఏముంటుందో నీ నోటుబుక్కులో ఏ గడిలో రాస్తావు? పి.వి. నరసింహారావు పడుచుతనంలో వరంగల్ నుంచి వచ్చిన కాకతీయ పత్రికకు 'గొల్ల రామవ్వ' అని ఒక కథ రాశాడు. పోలీసులు తరుముతున్న ఒక కుర్రాణ్ని తన గుడిసెలో దాచే ముసలమ్మ కథ. ఆ ముసలమ్మ పేరు ముందురోజు ఎవరైనా జాబితా రాస్తే ఏ పక్షంలో పెట్టి ఉండేవారు? నీ దొడ్డ నవలలన్నిటి కంటే ముందు ఆ చిన్న కథ చదువు. అరగంట చాలు.

వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే నలుగురి గురించి ఎక్కువ చెప్పను. అందులో ఇద్దరు రేపు బతుకమ్మనాడు నీ ఎదురుగానే పలహారం పంచుకుంటారు. గ్రూపును మ్యూట్‌లో పెట్టు.

ఇక బాపమ్మ. నీ ఉత్తరంలో యుద్ధం చూసిన మనిషి ఆమె ఒక్కతే. 85 దాటాయన్నావు, అంటే 1948 నాటికి ఎనిమిదో తొమ్మిదో. నువ్వు చెప్పిన కథలో ఏముందో నాకు తెలియదు కానీ ఊరు రెండుగా చీలడం, రాత్రిపూట తలుపు కొట్టడం, కట్టుబట్టలతో పారిపోవడం ఉండే ఉంటాయి, అట్లాంటి నవలలన్నిటిలో ఉంటాయి. నీకు అది ఊహ. ఆమె లోపలికి వెళ్లిపోయింది. కోపం వచ్చిందని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నాకు అనుమానమే. మా అమ్మ కూడా అట్లాగే లేచి పొయ్యి దగ్గరికి పోయేది, మంట లేకపోయినా ఊదేది. మా మేనమామ ఒక రాత్రి చెరువు గట్టు దాటి వెళ్లి తిరిగి రాలేదని నాకు నలభై ఏళ్లు వచ్చాక, వేరేవాళ్లు చెప్తే తెలిసింది. అమ్మను నేనెప్పుడూ సరైన ప్రశ్న అడగలేదు. 'రజాకార్లు ఏం చేశారమ్మా' అని అడిగేదాన్ని. అది పరీక్ష పేపర్లో ప్రశ్న.

ఆడవాళ్లను ఎట్లా అడగాలో నాకు నేర్పింది స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పినవి. తుపాకులూ ఉన్నాయి అందులో. కానీ ఎక్కువగా తిండి, నీళ్లు, అడవిలో నెలసరి, పసిబిడ్డను వేరేవాళ్లకు అప్పగించి దళంతో నడిచిన తల్లి, అంతా అయ్యాక 'ఇక ఇంటికి పోయి వంట చేసుకోండి' అనిపించుకున్న అవమానం. అమెరికాలో కూడా ఇట్లాంటి పుస్తకం ఒకటుంది. బానిసగా పుట్టి, నల్లజాతి సైనికుల పటాలం వెంట నడిచి, వాళ్ల బట్టలుతికి, గాయాలు కట్టి, వాళ్లకు అక్షరాలు నేర్పిన సూసీ కింగ్ టేలర్ 1902లో రాసుకున్నది. పలుచని పుస్తకం. గ్రాంట్ రెండు సంపుటాలు చదివినవాడివి, ఇది ఒక్క పూటలో అయిపోతుంది. చదివాక మళ్లీ గ్రాంట్ తెరిస్తే, లక్షమంది సైన్యం కదిలిందని ఆయన ఒక్క వాక్యంలో రాసేసిన చోట 'మరి వీళ్ల బట్టలెవరు ఉతికారు' అని నీకే అనిపిస్తుంది. సైన్యంలో చేరబోయేవాడికి ఆ ప్రశ్న పనికొస్తుంది, ఇంటర్వ్యూలో అడిగినా అడక్కపోయినా.

వచ్చే ఆదివారం ఊరికి వెళ్లు. పుస్తకం తీసుకుపోకు. మొన్నటి కథ సంగతి ఎత్తకు, సారీలు చెప్పకు, ఆమెకు అది అర్థం కాదు. ఆమె ఏ పని దగ్గర కూర్చుంటే అక్కడ కూర్చో. చింతపండు గింజ తీస్తుంటే నువ్వూ తియ్యి, అనపకాయలు ఒలుస్తుంటే ఒలువు. చేతులు పనిలో ఉన్నప్పుడు మన ముసలమ్మల నోరు విప్పుకుంటుంది, ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తే విప్పుకోదు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు. గడిని గురించి, తుపాకుల గురించి అడగకు. 'చిన్నప్పుడు ఏం తిన్నవే బాపమ్మా' అని అడుగు. గటక ఏ గింజతో కాచేవాళ్లు, లెవీ కింద ధాన్యం పట్టుకుపోతే గుమ్మిలో ఏం మిగిలేది, జొన్నలు ఎక్కడ దాచేవాళ్లు. దాచడం దగ్గరికి వస్తే మిగతాది దానంతటదే రావచ్చు. మొదటిరోజు రాకపోవచ్చు. 'ఏముందిరా, గంజి తాగినం' అని ఊరుకుంటే నువ్వూ ఊరుకో, అనపకాయలు పూర్తిచెయ్యి. ఆమె లేచి లోపలికి వెళ్తే వెనకే పోకు.

మీ బాపు అక్కడే ఉంటే ఉండనీ. ఆయన కూడా ఎప్పుడూ అడిగి ఉండడు.

ఆమె ఏదైనా చెప్తే, రాసుకోవాలనిపిస్తే ఆమెను అడిగే రాసుకో. 'రాయకు' అంటే రాయకు. ఇళ్ల జాబితా రాసిన ఆ నోటుబుక్కులో మాత్రం వద్దు, చౌరస్తాలో ఇరవై రూపాయలు పెడితే కొత్తది వస్తుంది.